ఎవరి గంట

పొద్దున నాలుగున్నరకి లంగర్‌హౌజ్ కుక్కలకి
నా టైర్ల వాసన తెలుసు, మొరగవు.
ఒకటి మాత్రం, చెవి తెగింది,
టిప్పుఖాన్ బ్రిడ్జి దాకా నాతో పందెం వేసుకుంటుంది.
రోజూ అదే గెలుస్తుంది.

నేను లిఫ్టు మెకానిక్‌ని.
పగలంతా జనాన్ని కష్టం లేకుండా పైకి పంపించి
తెల్లారుజామున నన్ను నేనే మోసుకుంటూ ఎక్కుతాను.
"నీ లెక్క ఎక్కడో తప్పింది లింబాద్రీ"
అంటుంది సులోచన, నిద్రలోనే.

సైకిలు కోఠీలో ఖదీర్ భాయ్ కూర్చి ఇచ్చింది.
ఫ్రేము ఒకరిది, ముందు చక్రం ఇంకొకరిది,
సీటు నడుం నొప్పితో తొక్కడం మానేసిన డాక్టరుగారిది.
నాదంటూ ఉన్నది చెమట ఒక్కటే,
దాన్నీ సులోచనే ఉతకాలి.

ఆదివారాలు గండిపేట రోడ్డు మీద
గచ్చిబౌలి కుర్రాళ్ళు కలుస్తారు.
వాళ్ళ బండ్లు చూపుడు వేలికి తగిలిస్తే వేలాడతాయి,
ధర అడిగి ఒకసారి దగ్గు తెచ్చుకున్నాను.
అప్పటినుంచి అడగను, వెనక చక్రానికి జానెడు దూరంలో దాక్కుంటాను.
గాలి ముందున్నవాణ్ణే అడుగుతుంది బాకీ.
"అన్నా, నీ వంతు" అంటారు.
వెళ్తాను. నిమిషంన్నర.
ఆ నిమిషంన్నరలో చెరువు కనిపించదు, చెట్లు కనిపించవు,
నా పళ్ళు నాకే వినిపిస్తాయి.

అనంతగిరి ఘాటులో సంగతి చెప్పను.
మూడో మలుపు దగ్గర కోతులు
ఆడిటర్లలా చూస్తాయి.

జూలైలో మాత్రం రాత్రి డ్యూటీ నేనే అడిగి వేయించుకుంటాను.
మియాపూర్‌లో పదకొండో అంతస్తు పైన, మెషిన్ రూంలో,
గ్రీజు డబ్బాకి ఫోను ఆనించి
ఫ్రాన్సు కొండలు చూస్తాను.
వాళ్ళు చెప్పేది సగం అర్థం కాదు.
కొండకి తెలుగు అక్కర్లేదు.
అందరూ ముందున్నవాణ్ణి చూస్తారు, నేను
కెమెరా వెనక్కి ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తాను.
అక్కడ, గడువు లోపల చేరితే చాలనుకునే గుంపు,
జిప్పులు విప్పుకుని, నోళ్ళు తెరుచుకుని.
ఒకడు తన సీసా పక్కవాడికి ఇస్తాడు,
వాడు తాగి, అటు చూడకుండానే తిరిగిస్తాడు.
అంతే. దాని కోసమే రెండు గంటలు కూర్చున్నాను.
కింద నాలుగో అంతస్తులో ఎవరో గంట నొక్కుతున్నారు.

మొన్న శనివారం ఉస్మానియా వెలోడ్రోములో
నలభై దాటినవాళ్ళ పందెం. ముప్పై రౌండ్లు.
నా వీపు మీద నలభై ఒకటి, అది నంబరు, వయసు కాదు,
వయసు దాచుకునే మనిషిని కాను, నలభై ఎనిమిది.
ఆఖరి రౌండుకి గంట కొడతారు, బడి గంట, ఇత్తడిది.
కొట్టారు.
నాకు కాదు. నాకింకా మూడున్నాయి.
కాళ్ళకి లెక్కలు రావు కదా,
గంట విన్నాయి, లేచాయి.
సిమెంటు వంపు మీంచి గెలవబోయేవాడి పక్కన దూకాను,
అర చక్రం ముందు గీత దాటాను.
ఎవరో తెలియక చప్పట్లు కొట్టారు.
అవి ఉంచేసుకున్నాను, తిరిగి ఇవ్వలేదు.

తర్వాత రెండు రౌండ్లు.
గెలిచినవాళ్ళు సమోసాలు తింటున్నారు,
షామియానా విప్పుతున్నారు, గంట ఆటో ఎక్కేసింది.
అట్టలు తిప్పే హేమలత టీచరు మాత్రం
కుర్చీ లోంచి లేవలేదు.
రెండు తీసి ఒకటి పెట్టింది.
అటూ ఇటూ వెతికింది. గంట లేదు.
స్టీలు టిఫిన్ డబ్బా మీద
చెంచాతో కొట్టింది.

సోమవారం సంతోష్‌నగర్‌లో లిఫ్టు ఇరుక్కుంది,
ఐదుకీ ఆరుకీ మధ్య, లోపల పెద్దాయన ఒక్కరే.
లిఫ్టు చెడితే మెకానిక్‌కి మెట్లే దిక్కు.
తొడలు ఇంకా శనివారంలోనే ఉన్నాయి.
పైన గంట మోగుతూనే ఉంది.
తలుపు సందులో కడ్డీ పెట్టి తీశాను.
ఆయన చొక్కా సర్దుకుని బయటికొచ్చి
"ఇంత లేటా?" అన్నాడు.
"అలవాటే సార్" అన్నాను.